ఓబులేసుకు దొరకని మంచిరోజు

అనగా అనగా, ఎడ్లు పోయి ఇంజన్లు వచ్చిన కాలంలో, గుండ్లపెంట అనే మెట్ట ఊళ్ళో ఓబులేసు అనే రైతు ఉండేవాడు. అతనికి ఒక భార్య, పేరు సుంకులమ్మ. అతనికి ఒక చిన్న ట్రాక్టరు, పేరు బుడ్డోడు.

పెద్ద ట్రాక్టరు పక్కన నిలబెడితే దాని చక్రమంత ఎత్తు కూడా లేదని ఊళ్ళో పిల్లలు ఆ పేరు పెట్టారు. ఆ బుడ్డోడు మాట్లాడేవాడు. ట్రాక్టరు మాట్లాడుతుందా అని అడక్కండి పిల్లలూ. నక్క మాట్లాడితే నమ్మారు, కొంగ మాట్లాడితే నమ్మారు. ఇంత మంచి బండి మాట్లాడితే మాత్రం మీకు అనుమానాలా?

ఓబులేసు చెడ్డవాడు కాదు. తాగడు, తగవులాడడు. చెడ్డవాడైతే ఈ కథ నాకు ఇంత విసుగు పుట్టించేది కాదు. అతనికి ఉన్నది ఒక్కటే జబ్బు. బండి పని ఏది చెప్పినా, ముందు ఆ రోజు ఏ వారమో చూసేవాడు.

అది వానలు ఇంకా పడని కాలం. సుంకులమ్మ వేరుశెనగ కాయలు ఒలిచి విత్తనం సిద్ధం చేసింది. ఒలిచిన విత్తనం ఎక్కువకాలం ఆగదు, మొలకెత్తే శక్తి పోతుంది. తొలివాన పడ్డాక నేలలో పదును, అంటే విత్తడానికి సరిపడా తడి, నిలిచేదీ కొద్దిరోజులే. ఆ కొద్దిరోజుల్లో విత్తితే ఏడాది పొడుగునా తిండి, తప్పితే ఏడాది పొడుగునా ఆకాశం వంక చూపులు. ఎడ్లను అమ్మేసి బుడ్డోణ్ణి తెచ్చుకున్నారు గనుక, ఆ విత్తడం బుడ్డోడే చేయాలి.

ఒక మంగళవారం పొద్దున బుడ్డోడు దగ్గాడు. "ఓబులేసన్నా, నా కడుపులో నూనె నల్లబడి తారులాగా అయింది. పాతది దించేసి కొత్తది పొయ్యి" అన్నాడు.

ఓబులేసు కండువా దులుపుకున్నాడు. "మంగళవారం పూట కొత్త పని మొదలుపెడతారా ఎవరైనా? ఇంకో రోజు చూద్దాంలే" అన్నాడు.

"కొత్త పని కాదన్నా ఇది. ఎప్పుడో చేయాల్సిన పాత పని."

"పాత పనైనా మొదలుపెట్టేది కొత్తగానే గదా" అని ఓబులేసు అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. ఇలాంటి తర్కానికి జవాబు చెప్పగలవాడు ఇంకా పుట్టలేదు.

శుక్రవారం వచ్చింది. బుడ్డోడు ఈసారి ముక్కుతో గురగురలాడాడు. "అన్నా, నేను గాలి పీల్చే ఫిల్టరు నిండా దుమ్ము పేరుకుంది. ఊపిరాడటం లేదు. కాస్త విప్పి దులుపు."

"శుక్రవారం ఇంట్లోంచి ఏదీ బయటికి పోకూడదు. లక్ష్మి వెళ్ళిపోతుంది" అన్నాడు ఓబులేసు.

"దుమ్ము కూడానా?"

"దుమ్మైనా మన ఇంటిదే గదా."

లోపలినుంచి సుంకులమ్మకు ఈ మాట వినపడింది. ఆమె చేటతో సహా వాకిట్లోకి వచ్చింది. "పొద్దున్నే ఇల్లంతా ఊడ్చి చెత్త పారబోసినా. అందులో ఎంత లక్ష్మి పోయిందో చెప్పయ్యా, పోయి ఏరుకొస్తా" అంది. ఓబులేసుకు ఆ పూట చెవులు సరిగ్గా పనిచేయలేదు.

శనివారం వచ్చింది. బుడ్డోడి గొంతు కీచుమంది. "కీళ్ళన్నీ పట్టేశాయన్నా. చక్రం తిరిగితే ప్రాణం పోతోంది. దుకాణం దాకా పోయి ఇంత గ్రీజు తెచ్చి పెట్టు."

"శనివారం నూనె, ఇనుము ఇంటికి తేకూడదు. వెంట శని వస్తాడు" అన్నాడు ఓబులేసు.

"గ్రీజు నూనె కాదు గదన్నా."

"నూనెకు తమ్ముడే గదా."

మిగతా రోజుల సంగతి అడుగుతారా? చెప్పాలంటే నాకే ఓపిక చాలడం లేదు. సోమవారం ఒక్కపొద్దు, ఉపవాసం ఉన్నవాడు పానా పట్టుకోకూడదట. బుధవారం సంత. గురువారం సంతకు పోయొచ్చిన అలసట. ఆదివారం ఊరందరికీ సెలవు, తనకు మాత్రం లేదా అన్నాడు. అలా ఒక వారం పోయింది, ఇంకో వారం పోయింది. బుడ్డోడు అడగడం మానేశాడు. సుంకులమ్మ మాత్రం మానలేదు. చెవినిల్లు కట్టుకుని పోరింది. గోడకు చెప్పినా ఈపాటికి గోడ లేచి పని చేసేది.

ఒక గురువారం సాయంత్రం మబ్బు కమ్మి వాన దంచికొట్టింది.

తెల్లారేసరికి ఊరంతా సంబరం. శుక్రవారం నేల కాస్త ఆరితే, శనివారానికి విత్తడానికి సరిగ్గా పదును, ఆదివారం దాటితే ఉండదు. ఓబులేసు హుషారుగా వచ్చి బుడ్డోడి తాళం తిప్పాడు. బుడ్డోడు నల్లగా పొగ వదిలి, నాలుగడుగులు ముందుకు పోయి, ఆగిపోయాడు.

"అన్నా, ఉన్నచోట కాసేపు గుర్రుమనమంటే అంటాను. ఇదే నూనెతో నన్ను పొలంలోకి దింపితే మాత్రం సగం చాలులో నా గుండె పట్టేస్తుంది. పట్టేస్తే ఈ ఏడు మళ్ళీ లేవను. నీ మీద కోపంతో అనడం లేదు. నా కోపం ఎప్పుడో అయిపోయింది" అన్నాడు.

ఓబులేసు తల పట్టుకున్నాడు. "ఇప్పుడెట్ల మే సుంకులూ? ఈ పొద్దు శుక్రవారం, ఏదీ బయటికి పోకూడదు. రేపు శనివారం, నూనె లోపలికి రాకూడదు. ఎల్లుండికల్లా విత్తాల."

సుంకులమ్మకు గట్టిగా అరవాలనిపించింది. గోడమీది క్యాలెండరు పీకి పొయ్యిలో పెట్టాలనిపించింది. కానీ దాన్ని తగలబెడితే, తగలబెట్టిన రోజు మంచిది కాదంటాడు. అందుకని ఆమె అతని మాటనే పట్టుకుంది.

"సరే, నీ మాటే కానీ. శుక్రవారం ఏదీ బయటికి పోకూడదు. లోపలికి రావచ్చునా?"

"రావచ్చు. వస్తే మంచిదే. లక్ష్మి వచ్చినట్టు."

"అట్లయితే ఇప్పుడే పోయి కొత్త నూనె, దాని ఫిల్టరు, గ్రీజు తీసుకురా. శనివారం నూనె లోపలికి రాకూడదు. బయటికి పోవచ్చునా?"

ఓబులేసు చాలాసేపు ఆలోచించాడు. "పోతే శని పోయినట్టే గదా" అన్నాడు.

"అట్లయితే రేపు ఆ నల్లనూనె బయటికి దించు."

ఓబులేసుకు తప్పించుకోవడానికి ఎక్కడా సందు దొరకలేదు. సంచీ పట్టుకుని దుకాణానికి పోయి, శుక్రవారం డబ్బు బయటికి పోకుండా అప్పు రాయించి, అన్నీ తెచ్చాడు.

శనివారం పొద్దున సుంకులమ్మ బుడ్డోడి కింద పాత తొట్టి పెట్టింది. పానాలు గోనెపట్టా మీద పరిచింది. ఓబులేసు వచ్చి బండి చుట్టూ తిరిగాడు. "రాహుకాలం పోనీ" అన్నాడు. రాహుకాలం పోయింది. "ఇంత సంగటి తిననీ" అన్నాడు. తిన్నాడు. "ఎండ నెత్తిన ఉంది, కాస్త వాలనీ" అన్నాడు. అవతల పొలంలో ఆ ఎండకే పదును ఆరిపోతోంది.

సుంకులమ్మ గోనెపట్టా మీద కూలబడింది. ఆమెకు ఏడుపొచ్చింది.

"నువ్వు సోమరివి కాదయ్యా. ఎడ్లు ఉన్నప్పుడు ఏ వారమని అడక్కుండా కోడి కూయకముందే లేచి కుడితి పెట్టినోడివి. ఈ బండి దగ్గరికి వచ్చేసరికి నీకేమైంది? విత్తనం చచ్చిపోతాంది. ఇప్పుడైనా నిజం చెప్పు."

ఓబులేసు చేతిలోని పానాను అటూ ఇటూ తిప్పాడు. చివరికి నేల చూపులు చూస్తూ, "నాకు రాదు మే" అన్నాడు.

"ఏం రాదు?"

"ఈ పని. బండి కొన్న రోజు అంగట్లో అంతా ఇప్పి చూపించినారు. ఊరోళ్ళు నా చుట్టూ నిలబడి ఉండిరి. నాకు ఒక్క ముక్క అర్థం కాలా. అర్థమైనట్టు తలూపినా. ఇప్పుడు ఇప్పితే మళ్ళా బిగించేది తెలీదు. ఎవరినన్నా అడిగితే, ఆ పొద్దు ఎందుకు తలూపినావని నవ్వుతారు."

బుడ్డోడు పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ! ఈ ఒక్క మాటకా అన్నా, ఇన్నాళ్ళూ నా ప్రాణం తీశావు? నా ఒళ్ళు నాకు తెలీదా? అడిగుంటే నేనే చెప్పేవాణ్ణి గదా."

మొగుడూ పెళ్ళాం ముఖముఖాలు చూసుకున్నారు. నిజమే మరి. మాట్లాడే బండిని వాకిట్లో పెట్టుకుని, దాన్ని ఒక్క మాట అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఈ కథ చెబుతూ ఈ చోటికి వచ్చినప్పుడల్లా నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

"ముందు నన్ను ఉన్నచోటే కాసేపు నడుపు" అన్నాడు బుడ్డోడు. "నూనె వేడెక్కి పలచబడుతుంది, మడ్డితో సహా దిగుతుంది. చాలు, ఆపు. కడుపు కింద పెద్ద బోల్టు ఉంది చూడు. అటు కాదన్నా, ఇటు. అదే. తొట్టి ఇంకా ముందుకు జరుపు, లేకపోతే వదిన కొత్తగా అలికిన వాకిలి పాడైపోతుంది."

నల్లని నూనె ధారకట్టి తొట్టిలోకి దిగింది. చివరి చుక్క దాకా దిగనిచ్చారు. పాత నూనె ఫిల్టరు తీసి కొత్తది బిగించారు.

"ఇప్పుడు కింది బోల్టు బిగించు. అది బిగించకుండా కొత్త నూనె పోస్తే నేల తాగుతుంది, నేను కాదు" అన్నాడు బుడ్డోడు. ఓబులేసు అప్పటికే డబ్బా వంచబోతున్నాడు. నాలుక కరుచుకుని డబ్బా దించి, బోల్టు బిగించాడు. తర్వాత కొలకడ్డీ మీది గీత దాకా నూనె పోశాడు. సుంకులమ్మ గాలి ఫిల్టరు విప్పి దులిపింది. ఎన్ని శుక్రవారాల దుమ్మో, వాకిలంతా ఎర్రబడింది. ఓబులేసు కీలుకీలుకూ గ్రీజు పట్టించాడు. పాత నూనెను డబ్బాలో పోసి మూత పెట్టాడు.

పొద్దు ఇంకా గుంకలేదు. ఓబులేసు నల్లబడ్డ తన చేతులను చూసుకుని, "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే" అన్నాడు బుడ్డోడు.

సుంకులమ్మకు అనాల్సినవి చాలా ఉన్నాయి గనుక, ఏది ముందు అనాలో తెలియక లోపలికి పోయింది.

ఆదివారం పొద్దున బుడ్డోడు విత్తే గొర్రు కట్టుకుని పొలంలోకి దిగాడు. గొంతు మారింది, నల్లపొగ పోయింది. వెనక సుంకులమ్మ విత్తనం పోస్తుంటే చాలు వెంట చాలు సాగింది. పదును అప్పటికే పలచబడుతోంది. గట్టు పక్కన చివరి చాళ్ళకు వచ్చేసరికి నేల గట్టిపడి పొడిగా లేచింది. వారం తిరిగేసరికి పొలమంతా పచ్చగా మొలిచింది గానీ, ఆ చివరి చాళ్ళు మొలవలేదు.

ఆ దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏం ఓబులేసూ, ఆ పక్కన బోసిగా ఉందేం?" అని అడిగేవారు.

"అవి నా సిగ్గు తినేసిన చాళ్ళు" అని ఓబులేసు నిజమే చెప్పేవాడు. అతను అనుకున్నట్టు ఎవరూ నవ్వలేదు. వాళ్ళలో ఒకడు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "మా బండికీ నూనె మార్చాల. నాకు గూడా తెలీదు. రేపు ఒకసారి వచ్చి చూపిస్తావా?" అని అడిగాడు. ఓబులేసు ఏ వారమని అడక్కుండా వెళ్ళాడు.

కాబట్టి పిల్లలూ, రాదని ఒప్పుకున్నవాడికి ఏ పనైనా ఒక పూటలో వస్తుంది. వచ్చినట్టు తలూపినవాడికి ఏ వారమూ కలిసిరాదు.