ఆ తుమ్మచెట్టు దాకా

ఆ ఏడు వాన మొహం చాటేసింది. రాళ్ళమిట్ట బీళ్ళలో మేసే జింకల మందకు ఒకే ఒక్క మడుగు మిగిలింది. అదీ అడుగంటిపోయి, తాగబోతే మూతికి బురద తగులుతోంది. తూర్పున మూడు ఆమడల దూరంలో ఏరుంది. అందులో నీళ్ళున్నాయో లేవో తెలియకుండా చూలు జింకల్నీ పిల్లల్నీ వెంటేసుకుని మందంతా బయలుదేరడం కుదరదు. ముందు ఒకరు వెళ్ళి చూసి రావాలి.

"నేను పోతా" అన్నాడు నీలయ్య. వయసులో ఉన్న కృష్ణజింక. మందలో వాణ్ణి మించి పరుగెత్తేవాడు లేడు.

మందకు పెద్దదిక్కు తిమ్మక్క, పళ్ళు అరిగిపోయిన ముసలి లేడి, వాణ్ణి పక్కకు పిలిచింది.

"చూడు నాయనా. నువ్వెరిగిన పరుగు తోడేలు వెంటపడితే తీసే పరుగు. అది కాసేపటి పని. ఇది పొద్దంతా పోవాల్సిన దారి. మెల్లగా పో. మేస్తూ పో."

"మెల్లగా పోవడానికైతే నేనెందుకు పెద్దమ్మా?" అన్నాడు నీలయ్య.



తెల్లవారగానే బయలుదేరాడు. బీడు అంచున పుట్ట పక్కన కోనప్ప అనే నక్క కూర్చుని ఉన్నాడు. కరువు అందరికీ కరువే. కోనప్ప డొక్కలు వీపుకు అంటుకుపోయి ఉన్నాయి.

"ఏం అల్లుడూ, ఏటికేనా ప్రయాణం?"

"అవును మామా."

"మంచి పని. ఒక మాట చెప్తా, విను. ఎండ ముదరక ముందే దారి లాగించెయ్. ఉన్న బలమంతా ఇప్పుడే పెట్టు. మేతకు ఆగావంటే కడుపు బరువెక్కి కాలు సాగదు. నాకూ అటువైపు పనుంది, వెనకాలే వస్తుంటాలే."

తిమ్మక్క మాట కంటే ఈ మాట నీలయ్యకు బాగా నచ్చింది. వాడు వినాలనుకున్నది అదే మరి.

మొదటి ఆమడ ఎట్లా గడిచిందో తెలియలేదు. గిట్ట నేలకు తగిలీ తగలనట్టు పోయాడు. రెండో ఆమడ సగంలో, ఒక గెంతుకూ ఇంకో గెంతుకూ నడుమ, కాళ్ళలో బలం పోయింది. గిట్టలకు ఎవరో బండలు కట్టినట్టయింది. ఒళ్ళంతా వణుకు. కళ్ళముందు బీడు ఊగింది. నాలుగడుగులు తూలి ముందరికాళ్ళ మీద కూలబడ్డాడు.

తలెత్తి చూశాడు. ఎటు చూసినా ఎర్రనేల, ఎండ, అక్కడక్కడ ఒక తుమ్మచెట్టు. మంద కనబడదు, ఏరు కనబడదు. పుట్టినప్పటి నుంచి వాడు ఒంటరిగా ఉన్న పూట లేదు. నిద్రలో మెలకువ వచ్చినా పక్కన ఎవరిదో ఊపిరి వినబడేది. ఇప్పుడు వినబడేది తన ఊపిరే, అదీ ఎవరిదో పరాయివాళ్ళదిలా ఉంది. తిమ్మక్కను పిలుద్దామనుకున్నాడు. పిలిచినా వినేవాళ్ళు లేరు.

"అలిసిపోయావా అల్లుడూ?"

కోనప్ప తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"పడుకో. కాసేపు కళ్ళు మూసుకో. నేను కాపలా ఉంటాలే."

ఆ మాటకు నీలయ్య ఒళ్ళంతా లొంగిపోయింది. తల వాల్చబోతూ ఒక్కసారి కోనప్ప వైపు చూశాడు. కాపలా కాసేవాడు దిక్కులు చూడాలి. కోనప్ప నీలయ్య గొంతునే చూస్తున్నాడు.

ఇంత పెద్ద బీట్లో తనకు తోడంటూ ఉన్నది, తాను ఎప్పుడు పడిపోతానా అని చూస్తున్నవాడొక్కడే. నీలయ్యకు భయం కంటే ముందు ఏడుపొచ్చింది. వెనకకాళ్ళు కూడదీసుకుని లేచాడు. కొమ్ములున్న జింక నిలబడి ఉన్నంతసేపూ ఒంటి నక్క మీదికి రాదు. అంతవరకు వాడికి తెలుసు.

"ఇక్కడ ఎండగా ఉంది మామా. ఆ తుమ్మచెట్టు దాకా పోయి పడుకుంటా."

"అట్లాగే కానీ. నీడుంటే నీకూ హాయి."

నీలయ్య పరుగెత్తలేదు. ఒక్కో కాలూ ఎత్తి పెడుతూ నడిచాడు. చెట్టు కింద రాలిన కాయలున్నాయి. రెండు నమిలాడు. మొదట గొంతు దిగలేదు. చెట్టు మొదలుకు ఒళ్ళు ఆనించి, నిలబడే ఊపిరి తీసుకున్నాడు. ఇంకో నాలుగు నమిలాక వణుకు కాస్త తగ్గింది.

"పడుకోవేం?" అన్నాడు కోనప్ప.

"చీమలున్నాయి మామా. అదిగో, ఆ చెట్టు కింద పడుకుంటా."

ఆ చెట్టు కింద ముళ్ళున్నాయి. తర్వాతి దాని కింద నీడ పలచగా ఉంది. చెట్టు చెట్టుకూ నీలయ్య ఆగాడు, నాలుగు కాయలు తిన్నాడు, మళ్ళీ నడిచాడు. తుమ్మకాయలు కోనప్పకు సయించవు. వాడి మనసంతా జింక మాంసం మీదే ఉంది. ఇంత దూరం వచ్చి ఇప్పుడు వెనక్కి పోవడమా అనుకుంటూ, నాలుక వేలాడేసుకుని వెంట నడిచాడు.

పొద్దు నడినెత్తి మీద నుంచి పడమటికి వాలింది. మూడో ఆమడలో వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. నీలయ్య తిరిగి చూశాడు. కోనప్ప దారిలో బొక్కబోర్లా పడి ఉన్నాడు.

"అల్లుడూ, నిజం చెప్పు. ఏ చెట్టు కింద పడుకుంటావు నువ్వు?"

"నాకూ తెలియదు మామా. నీకు అబద్ధం చెప్పలేదు. ప్రతి చెట్టు దగ్గరా పడుకుందామనే అనుకున్నా. తీరా పోయాక ఇంకొకటి కనబడింది."

కోనప్ప కళ్ళు మూసి తెరిచాడు. "కాసేపు ఇక్కడే ఉండరాదా? ఒక్కణ్ణే ఉన్నాను."

ఈసారి ఆ గొంతులో మోసం లేదు. ఆ సంగతి నీలయ్యకు ఇట్టే తెలిసింది. అయినా దగ్గరికి పోలేదు. దూరాన్నే కాసేపు నిలబడ్డాడు. "ఏరు ఎంతో దూరం లేదు మామా. పొద్దు చల్లబడ్డాక మెల్లగా లేచి రా" అని చెప్పి, తన దారిన తాను పోయాడు.

ఏట్లో ఇసుక మధ్య పొడుగాటి మడుగు, మోకాలిలోతు నీళ్ళు. నీలయ్య కొంచెం కొంచెంగా తాగాడు. నీళ్ళున్నాయని చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేకపోయారు. ఆ మాట మోసుకుని మర్నాడు నడుచుకుంటూ మంద దగ్గరికి చేరాడు. నాలుగు రోజులకు మందంతా, పిల్లల నడకకు తగ్గట్టు ఆగుతూ ఆగుతూ, ఏటికి వచ్చింది.

కోనప్ప అప్పటికే అవతలి ఒడ్డున ఉన్నాడు. పాక్కుంటూ వచ్చి నీళ్ళయితే తాగాడు గానీ, మూడు ఆమడలు తిరిగి పోయే ఓపిక లేకపోయింది. తన బొరియకు దూరంగా, ఎరిగిన నక్క ఒక్కటీ లేని ఆ ఒడ్డున, ఇసుకలో ఎండ్రకాయలు ఏరుకుంటూ ఆ వేసవంతా గడిపాడు.

నీతి: దూరపు దారిలో ఒళ్ళు ఉన్నట్టుండి మొరాయిస్తే పరుగు మానినా ఫరవాలేదు, నడక మానకూడదు.