దస్తగిరి మాస్టరు పెట్టె సౌండు

ఓబులేసు గురువుగారి పెట్టెను కాల్చేశాడు.

మామూలు పెట్టె కాదది. ప్రొద్దుటూరు దస్తగిరి మాస్టరు శాంప్లరు. రికార్డులోంచి చిన్న ముక్క కొరుక్కుని పొట్టలో దాచుకుంటుంది. మీట నొక్కినప్పుడల్లా ఆ ముక్కను మళ్లీ పాడుతుంది. అలాంటి ముక్కల్ని పేర్చి పాటలకు దరువు కట్టడమే మాస్టరు పని. ఆయన దరువు మోగితే పెన్నా ఒడ్డున ఇసుక లారీలు ఇంజను ఆపుకుని వినేవి. కొర్రపాడు రోడ్డులో పెళ్లి గుర్రాలు పెళ్లికొడుకును దించేసి మరీ ఆడేవి. ఇందులో ఒక్క మాట తగ్గించి చెప్పినా పాపం తగులుతుంది.

ఆ పెట్టె అమెరికాలో పుట్టింది. అక్కడి కరెంటు మన కరెంటులో సగం. దాన్ని ఇక్కడి కరెంటుకు తిన్నగా తగిలిస్తే తట్టుకోలేదు. మధ్యలో ఇటుకంత ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. అది పొద్దస్తమానం గుయ్యిమంటూ ఉంటుంది. మాస్టరు కంటి ఆపరేషనుకని కర్నూలు వెళ్లినప్పుడు, ఆ గుయ్యిమనే మోత తన రికార్డింగులో పడుతోందని ఓబులేసు ట్రాన్స్‌ఫార్మరును పీకి మంచం కిందికి తోశాడు. సాయంత్రానికి ఆ సంగతే మరిచిపోయాడు. పెట్టె వైరు తీసుకుని తిన్నగా బోర్డులో గుచ్చాడు.

టప్పుమంది. దారపు పోగంత పొగ లేచింది. అంతే.

రిపేరు చేసే ఆయన వచ్చి మూత విప్పి చూశాడు. "లోపలంతా బొగ్గు నాయనా. టీ కాసుకోవచ్చు" అన్నాడు.

ఓబులేసు గుండె ఎగిరి పెన్నా దాటి అవతలి గట్టున పడింది. ఊరి దేవత సుంకులమ్మ మీద కడుతున్న పాట సగం ఆ పెట్టె మీదే అయింది. మిగతా సగం అదే సౌండుతో రావాలి. రాకపోతే పాట పోతుంది. పాట మాట అటుంచి, తన శిష్యరికం పోతుంది. ఆ ఒక్క సౌండు నేర్చుకోవాలనే కదా బెంగళూరు ఉద్యోగం వదిలేసి సోడా షాపు మేడ మీది ఈ మాస్టరు గదికొచ్చి పడ్డాడు!

అచ్చం ఆ పెట్టెలాగే పలికేలా ఎవరో రాసిన సాఫ్ట్‌వేరు ఒకటి అతని లాప్‌టాప్‌లో ఉంది. మాస్టరుకు ఇష్టమైన ఉరుముల రికార్డులోంచి ఆ జానపద డోళ్ల మోతను అందులో పోశాడు. మోగింది. కానీ పెట్టె సౌండు రాలేదు. పాత సౌండంటే గరగర ఉండాలి కదా అని గరగర కలిపాడు. చిటపటలు చల్లాడు. టేపు వణికినట్టు వణికించాడు. తిండి మానేశాడు. కింద సోడా షాపువాళ్లు పంపిన ఇడ్లీలు రాళ్లయి, ఆ రాళ్లు అరిగి పిండయ్యాయి. అయినా సౌండు రాలేదు, మాస్టరు మాత్రం వచ్చేశాడు.

నల్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ ఎక్కాడు. గడప దగ్గర క్షణం ఆగాడు. తల కాస్త పక్కకు వంచాడు. లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమబ్బయా, బాగుండావా?"

"బాగుండా మాస్టరూ. కన్నెట్లుంది?"

"డాక్టరు తీసి, కడిగి, తుడిచి మళ్లీ పెట్నాడు. రేపు అద్దాలు తీస్తే ఈడ్నుంచి తిరపతి కొండ కనపడ్తాదంట. అంతవరకు నాకు చెవులే దిక్కు. ఏదీ, సుంకులమ్మ పాట వినిపీ. పెట్టె తెరువు."

ఓబులేసు పెట్టె ముందు కూర్చున్నాడు. ఒక చేత్తో చచ్చిన పెట్టె మీటల్ని టకటకా కొట్టాడు. రెండో చేత్తో లాప్‌టాప్ నొక్కాడు. ఆ నటనకు సురభి నాటకాలవాళ్లు లేచి నిలబడి దండం పెట్టాలి.

దరువు మొదలైంది. మాస్టరు కాసేపు విన్నాడు.

"బయట వాన పడ్తాందా?"

"లేదు మాస్టరూ. ఎండ మండిపోతాంది."

"మరి ఆ చిటపటలేంది?"

"పాత రికార్డు కదా మాస్టరూ..."

"నా రికార్డుల్ని పసిబిడ్డ మొగం తుడిచినట్టు తుడుస్తా. ఆ చిటపట రాకుండా చేసేదానికే నా తల నెరిసింది. నువ్వు యాడ్నుంచి ఎత్తుకొచ్చినావు దాన్ని? వాన ఆపు."

ఓబులేసు చిటపటలు తీసేశాడు.

"ఎవరో బజ్జీలు వేయిస్తాండారు."

గరగర తీసేశాడు.

"వాయించేవోడు తాగినాడా? తూలుతాండాడే!"

వణుకు కూడా పోయింది. ఇక మిగిలింది ఉరుము ఒక్కటే. కడిగిన స్టీలు గ్లాసులా తళతళమంటోంది. తాగడానికి మాత్రం అందులో చుక్క నీళ్లు లేవు.

 ఓబులేసు మీటల మీంచి చెయ్యి తీశాడు. "మాస్టరూ, నేనొక..." అని మొదలుపెట్టాడు.

మాస్టరు చెయ్యెత్తి ఆపాడు. కుర్చీలోంచి లేచాడు. బీరువా తడిమి, అట్టల అంచులు వేళ్లతో లెక్కబెట్టుకుంటూ పోయి, ఒక రికార్డు లాగాడు. అదే, ఉరుముల రికార్డు. ప్లేయరు మీద పెట్టాడు. పక్కనున్న వేగం మీటను బొటనవేలితో ముప్పై మూడు నుంచి నలభై ఐదుకు తోశాడు. ముల్లు వాల్చాడు.

నిమ్మళంగా మోగాల్సిన ఉరుములు తోక తొక్కిన ఎలకల్లా కీచుకీచుమంటూ పరిగెత్తాయి. ఓబులేసుకు అంత భయంలోనూ నవ్వొచ్చింది.

"పట్టుకో" అన్నాడు మాస్టరు.

"దేంతో మాస్టరూ?"

"నీ దగ్గరుండే దాంతో."

ఓబులేసు చెయ్యి ఆగిపోయింది. మాస్టరు మొహం చూశాడు. నల్లద్దాల్లో తన బొమ్మ తప్ప ఏమీ కనపడలేదు. గబగబా ప్లేయరు వైరు తెచ్చి లాప్‌టాప్‌కు కలిపాడు. పరిగెత్తే ఎలకను సాఫ్ట్‌వేరులోకి పట్టాడు.

"ఇప్పుడు వేగం దించు. మనిషి నడక వచ్చేదాకా దించు."

దించాడు. ఎలక పిల్లి అయింది, పిల్లి దూడ అయింది.

"అది యాదో ఇస్త్రీ చేస్తాంది" అన్నాడు మాస్టరు. "ఇస్త్రీ తీసెయ్."

ఓబులేసు వెతికాడు. సౌండును నునుపు చేసే బొత్తాం ఒకటి మూలన వెలుగుతోంది. ఇన్నాళ్లూ అది వెలుగుతూనే ఉంది. ఆర్పేశాడు. మళ్లీ నొక్కాడు.

ఉరిమింది.

అడుగున పెన్నా ఇసుక రాలినట్టు, ఇత్తడి బిందె అంచును గోరుతో గీసినట్టు, సుంకులమ్మ పాట మొదటి సగంలో ఎలా ఉందో అచ్చం అలాగే! గోడ మీది క్యాలెండరు ఊగి వచ్చే నెల చూపించింది. కింద షాపులో సోడా బుడ్లలో గోళీలు వాటంతటవే దిగిపోయాయి. ఓబులేసు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పెన్నా అవతల పడిన గుండె ఈదుకుంటూ వచ్చి, తడి బట్టలతోనే మళ్లీ తన చోట కూర్చుంది.

"అంత ఉరికించడమెందుకు మాస్టరూ?"

"దాని కడుపు చిన్నదబ్బయా. నిదానంగా పాడితే సగం పాట బయటే మిగిలిపోతాది. అందుకని ఉరికించి మింగిస్తా. మింగినాక నడిపిస్తా. ఆ ఈడ్పులో పుట్టే గరుకే నా సౌండు."

"నా లాప్‌టాప్‌కు కడుపు చానా పెద్దది మాస్టరూ."

"అదే దాని జబ్బు."

ఓబులేసు లేచి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"పెట్టె కాలిపోయింది మాస్టరూ. నేనే కాల్చినా."

"మెట్లెక్కుతాంటేనే తెలిసింది. ట్రాన్స్‌ఫార్మరు నన్ను పలకరించల్యా."

"తెలిసి కూడా పెట్టె తెరవమన్యారే?"

"సౌండు కూడా కాలిపోయిందేమో చూద్దామని."

 కింద ఎవరో సోడా కొట్టారు. మాస్టరు ఆ చప్పుడుకు తలూపి, లాప్‌టాప్ ముందు వంకరగా వాలిన శిష్యుడి కుర్చీ మీద చెయ్యేశాడు.

"మెడ వంచుకుని వంచుకుని నా వయసుకు ఒంటెవైతావురా. ఆ పెట్టె ఎత్తి నీ లాప్‌టాప్ కింద పెట్టు."

ఓబులేసు పెట్టెను రెండు చేతులా ఎత్తాడు. పదిమంది మోసే పల్లకీ అంత బరువుంది. పై కండువాతో దాని మీటలన్నీ తుడిచాడు. బల్ల మీద పెట్టి, లాప్‌టాప్‌ను దాని మీదికి ఎక్కించాడు. కూర్చుని చూశాడు. వీపు తిన్నగా నిలబడింది.

"ఎత్తు సరిపాయనా?"

"సరిపాయ మాస్టరూ."

"అయితే సుంకులమ్మను రమ్మను."