తారను దింపిన కడ్డీ

అనగనగా ఒక ఊరు. ఊరంటే ఒక్కచోట ఉండే ఊరు కాదు బుజ్జమ్మా, బళ్ళెక్కి తిరిగే ఊరు. నాటకాల డేరా! ఈ నెల ఇక్కడ పాతితే వచ్చే నెల ఇంకోచోట పాతుతారు. కాళ్ళు ముడుచుకుని ఇటు జరుగు, చెబుతాను.

ఆ డేరాలో భూషణం అని ఒకాయన స్టీల్ గిటార్ వాయించేవాడు. దాన్ని నిలబెట్టి పట్టుకోరు. నిన్ను నేను పడుకోబెట్టుకున్నట్టు ఒళ్ళో పడుకోబెట్టుకుంటారు. కుడిచేత్తో తీగ మీటుతారు. ఎడమచేత్తో ఒక చిన్న కడ్డీ పట్టుకుని తీగల మీద జారుస్తారు. కడ్డీ ఎటు జారితే పాట అటు జారుతుంది. ఊఁ... అని పైకి పోతుంది, ఊఁ... అని కిందకి దిగుతుంది.

ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది తాయారు, పద్దెనిమిదేళ్ళది. చిన్నది చంపకం, తొమ్మిదేళ్ళది, అచ్చం నీలాగే వాగుడుకాయ. తల్లి లేదు పాపం. తాయారే చెల్లెలికి తల దువ్వేది, అన్నం కలిపి పెట్టేది.

ఆ డేరా నాటకంలో జనమంతా ఎదురుచూసే ఘట్టం ఒకటుంది. ఆకాశంలోంచి ఒక తార నేలకి దిగుతుంది. ఆ తార మన చంపకమే. నడుముకి తాడు కట్టి, పైనున్న వెదురు అటక మీంచి మెల్లగా దింపుతారు. తాడు పట్టేవాడు పైడయ్య. ఆయన వెనక తెర అవతల ఉంటాడు, ఆయనకి పిల్ల కనపడదు. మరెలా దింపుతాడు? చెవితో దింపుతాడు! గిటారు పాట కిందకి జారుతుంటే తాడు వదులుతాడు. పాట ఆగితే తాడు ఆపుతాడు.

తొంగి చూడొచ్చుగా అంటావా? చూడకూడదు. తాడు పట్టినవాడు చూడ్డం మొదలుపెడితే చేతుల్ని మర్చిపోతాడట. హార్మోనియం వాయించొచ్చుగా అంటావా? హార్మోనియం మెట్లు మెట్లుగా పలుకుతుంది, అప్పుడు తాడు కూడా మెట్లు మెట్లుగా కుదుపుతుంది. పిల్ల నడుం విరిగిపోదూ? అందుకని గిటారే కావాలి. ఇంక అడ్డు రాకు.

అప్పుడు ఏమయిందంటే, భూషణానికి కీళ్ళవాతం వచ్చి వేళ్ళు కొయ్యబారిపోయాయి. గిటారు తాయారు ఒళ్ళోకి వచ్చింది. వాయించడం రాక కాదు, ఎనిమిదేళ్ళు నాన్న దగ్గరే నేర్చుకుంది. కానీ ఇన్నాళ్ళూ తను వాయిస్తే పాట ఒక్కటే కదిలేది. ఇప్పుడు ఆ పాట చివర చెల్లెలు వేలాడుతుంది.

ఆ డేరాలో ఒక రివాజు ఉంది. ఎవరి కడ్డీ వాళ్ళే ఎంచుకోవాలి, ఒకరిది ఇంకొకరు పట్టకూడదు. భూషణం కడ్డీ ముప్పై ఏళ్ళు ఆయన చేతిలోనే అరిగింది. ఆయన బొటనవేలు ఆనే చోట చిన్న గుంట కూడా పడింది. తాయారు అంతవరకూ చేతికందిన ఇనప ముక్కతోనే నేర్చుకుంది. రివాజు తెలిసీ ఇప్పుడు నాన్న కడ్డీయే పట్టుకుంది. నాన్న కడ్డీతో వాయిస్తే నాన్న వాయించినట్టే వస్తుందనుకుంది, పిచ్చి పిల్ల.

ఆదివారం పగటాట. చంపకం సగం దిగింది. తాయారు వేలు ఆ గుంటలో సరిగ్గా కూర్చోక కడ్డీ వంకర తిరిగింది. పాట వణికింది, తాడూ వణికింది. అంతలో పాట గరగరమంది. పైడయ్యకి ఏమీ అర్థంకాక తాడు ఆపేశాడు. చంపకం గాల్లో గింగిరాలు తిరుగుతూ ఉండిపోయింది. జనం ఈలలు వేశారు. ఎలాగో కిందకి దించారనుకో, తాయారుకి మాత్రం ఒళ్ళంతా చెమటలు పట్టేశాయి.

ఆ తర్వాత డేరా యజమాని వరదరాజులు కేకలేశాడు. "వచ్చే ఆదివారం తార చక్కగా దిగాలి. లేదంటే ఆ ఘట్టం ఎత్తేస్తా. మీరు ముగ్గురూ ఇంకో డేరా చూసుకోండి," అన్నాడు. వేళ్ళు పనిచెయ్యని మనిషినీ, ఇద్దరు ఆడపిల్లల్నీ ఏ డేరా రానిస్తుంది? ఆ వరదరాజులు నాకు కనపడితే చెవి మెలిపెట్టి వదిలేదాన్ని.

అప్పుడు తాయారు బజారులో వాయిద్యాల కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన మూడు కడ్డీలు ఇచ్చాడు. "మూడూ పట్టుకెళ్ళమ్మా. కుదిరింది ఉంచుకుని మిగతా రెండూ తెచ్చియ్యి," అన్నాడు. ఒకటి బోలుగా, తేలిగ్గా ఉండే గొట్టం. ఒకటి గాజుది. ఇంకొకటి నిండు ఉక్కుది. దాన్ని ఎత్తి చూసి, అమ్మో ఎంత బరువో అని తాయారు సంచీ అడుక్కి తోసేసింది.

గురువారం తేలిక కడ్డీ పట్టుకుంది. చంపకం బదులు తాడుకి ఇసక బస్తా కట్టారు, సరిగ్గా పిల్ల బరువే. తేలిక కడ్డీ తీగల మీద కుదురుగా ఆనడంలేదని తాయారు గట్టిగా నొక్కింది. నొక్కితే తీగలు కిందకి వంగి చెక్కకి తగిలాయి. మళ్ళీ గరగర. బస్తా నడిమధ్య ఆగిపోయింది.

ఆ తర్వాత శుక్రవారం గాజు కడ్డీ పట్టుకుంది. పాట తేనెలా వచ్చింది. హమ్మయ్య అనుకుందో లేదో, చెమట చేతిలోంచి కడ్డీ సర్రున జారిపోయింది. పాట ఒక్కసారిగా పాతాళానికి పడిపోయింది. దానితోపాటే తాడూ వదిలేశాడు పైడయ్య. బస్తా ధబ్బుమని పడి పగిలింది. ఇసకంతా నేలపాలు. తాయారు ఆ ఇసకని చూస్తూ అలాగే కూర్చుండిపోయింది. దాని కళ్ళకి అది ఇసకలా కనపడలేదు తల్లీ.

శనివారం ఇంక దిక్కులేక ఉక్కు కడ్డీ తీసింది. ఇంత బరువు తీగల్ని తెంపేస్తుందేమోనని భయం. అందుకని తీగల మీద ఆననివ్వకుండా చేత్తో పైకెత్తి పట్టుకుంది. మణికట్టు లాగేసింది. పాట సన్నగా, వణుకుతూ వచ్చింది. కొత్తగా కట్టిన బస్తా కూడా వణుకుతూ దిగింది. ఆగలేదు, పడలేదు, కానీ చూసినవాళ్ళు మొహం పక్కకి తిప్పుకున్నారు.

తాయారు వెనక తెర దగ్గరికి వెళ్ళి ఏడ్చేసింది. "పైడయ్య మావా, నా వల్ల కాదు. రేపు చెల్లెలికేమన్నా అయితే నేను బతకను," అంది.

పైడయ్య తాడు చుట్టుకుంటూ ఆ పిల్ల చేతి వైపు చూశాడు. వేళ్ళు కమిలిపోయి ఉన్నాయి. "అదేటి తల్లీ, అంత బిగబట్టేస్తన్నావు? తాడుని మేం కిందకి తొయ్యంగదా. బరువు దానంతటదే దిగుతాది. మేం చెయ్యి వదులు చేస్తామంతే. దాన్ని దాని పని చేసుకోనీ," అన్నాడు.

తాయారు కళ్ళు తుడుచుకుంది. ఇంకోసారి బస్తాతో చూద్దామంటే వీల్లేదు. అప్పటికే డేరాలోకి జనం వచ్చేస్తున్నారు, శనివారం ఆట వేరే నాటకం.

ఆదివారం పగటాట మొదలయింది. తాయారు ఒళ్ళో గిటారు, చేతిలో ఉక్కు కడ్డీ. పైన అటక మీద చంపకం కాళ్ళు కనపడుతున్నాయి, బుల్లి బుల్లి పసుపు కాళ్ళు. ఇప్పుడు లేచి వద్దు అనేద్దామా అనుకుంది. అనేలోపే తబలా ఆగిపోయింది. ఇంక తన వంతు.

తీగ మీటింది. భయం చేతిలోకి దిగింది. నొక్కు, నొక్కు అంది భయం. నొక్కలేదు. ఎత్తు, ఎత్తు అంది. ఎత్తలేదు. పట్టుకో, గట్టిగా పట్టుకో అంది. తాయారు కళ్ళనీళ్ళు పెట్టుకుని చెయ్యి వదులు చేసింది. కడ్డీ తన బరువుతో తనే తీగల మీద కూర్చుంది. తాయారు దానికి దారి చూపించింది, అంతే.

ఊఁ... అని పాట మొదలయింది. తెగలేదు, గరగరమనలేదు. దిగింది, దిగింది, దిగింది. చంపకం కూడా దిగింది, దిగింది, దిగింది. డేరాలో ఒక్కరు దగ్గితే ఒట్టు. కడ్డీ తీగల చివరికి చేరేసరికి పిల్ల మునివేళ్ళు నేలకి ఆనాయి. కాలి గజ్జె కూడా చప్పుడు చెయ్యలేదు.

ఆ తర్వాత చప్పట్లు, ఈలలు, గోల. వరదరాజులు పళ్ళికిలించుకుంటూ వచ్చాడు. తాయారు ఆయన వైపు చూడనైనా చూడలేదు. తెర పడగానే పరిగెత్తి చెల్లెల్ని ఒడిసి పట్టుకుంది. "భయం వేసిందా అమ్మా? పోయిన వారం భయం వేసిందా? అడగలేదు నేను, అడగడానికి నాకే భయం వేసింది," అంది.

చంపకం అక్క మెడ చుట్టూ చేతులు వేసింది. "పడిపోతానని భయం వెయ్యలేదక్కా. నువ్వు ఏడుస్తున్నావని భయం వేసింది. తాడు వణికింది కదా, నాకు తెలిసిపోయింది. ఇవాళ తాడు ఏమీ చెప్పలేదు," అంది.

కథేమో కంచికి బయల్దేరింది,
నిద్రేమో మనింటికి వచ్చి చేరింది.
తాడూ చుట్టేసి, తెరా దించేసి,
పడుకో నా తల్లీ, దుప్పటి కప్పేసి!