హారతికి చాచిన చేతులు

చిన్న కథే. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. అయితే ముందు మా గార్లపూడి భజన బృందం సంగతి చెప్పాలి. అందులో పాడేవాళ్ళు తక్కువ, పాడేవాళ్ళకు సలహా ఇచ్చేవాళ్ళు ఎక్కువ. వాళ్ళలో మొదటివాడు బుల్లెబ్బాయి. పెళ్ళికి వెళ్ళిన ప్రతిసారీ గొడుగు మరిచిపోయి వచ్చే మనిషి, ఎదుటివాళ్ళ అజాగ్రత్త మీద గంటసేపు మాట్లాడగలడు. ఇక గురువు రంగదాసు గారు. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పరు. అసలు చెబుతారో లేదో ఆయన భార్యకే తెలియదు.

తాళాలు వాయించేది సూరమ్మ. మాఘమాసం యాత్రలో, కొండ కింద బజారులో, ఒకడు హారతి పళ్ళెం పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. హారతి వస్తే కాదనేవాళ్ళు మా ఊళ్ళో లేరు. రెండు చేతులూ మంట మీద చూపించి కళ్ళకద్దుకుంది. కళ్ళు తెరిచేసరికి పక్కన పెట్టిన సంచీ లేదు. పళ్ళెంవాడి తోడుదొంగ ఎత్తుకుపోయాడు. అందులో వాళ్ళమ్మ ఇచ్చిన వెండి కుంకుమభరిణె ఉంది.

దొంగను ఒక్కరూ తిట్టలేదు. "ఆ మాత్రం చూసుకోవద్దా అక్కా? బజార్లో కళ్ళు మూసుకుంటారా ఎవరైనా?" అన్నాడు బుల్లెబ్బాయి. మిగతావాళ్ళూ అదే అందుకున్నారు. మా బృందానికి శ్రుతి కలిసింది ఆ ఒక్కసారే.

అప్పటినుంచి సూరమ్మ ఎడమచెయ్యి కొత్త సంచీని వదల్లేదు, భజనలో కూడా. ఒంటిచేత్తో తాళాలు మోగవు. చివరికి గురువుగారి దగ్గరికి వెళ్ళింది.

"తప్పు నాదేనా అండీ? అవునంటే చెప్పండి, తాళాలు ఇంకొకరికి ఇచ్చేస్తాను."

ఆయన అవుననలేదు, కాదనలేదు. మళ్ళీ యాత్రకు బయల్దేరమన్నారు. అందరి చేతా సంచీ పట్టీలు మెడలోంచి అడ్డంగా వేయించారు. సెల్‌ఫోన్లు పై జేబుల్లోంచి తీయించారు. కూర్చుంటే సంచీ ఒళ్ళోనే ఉండాలన్నారు.

అదే బజారు. అరుగు మీద కూర్చున్నామో లేదో, హారతి పళ్ళెం వచ్చింది. సూరమ్మ సంచీని పొట్టకు హత్తుకుంది. బుల్లెబ్బాయి కండువా నడుముకు బిగించి పళ్ళెంవాడి మీదే కళ్ళు పెట్టాడు. మేమందరం వాడినే చూస్తున్నాం. గురువుగారు మాత్రం తన సంచీ తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ చాచి, తాపీగా కళ్ళు మూసుకున్నారు.

గురువుగారి సంచీ పోయింది. మేం అటు తిరిగేసరికి పళ్ళెంవాడూ జనంలో కలిసిపోయాడు. అందులో ఆయన గురువు ఇచ్చిన చిడతలున్నాయి.

"వాడి చేతులు పడిపోను! దేవుడి పేరు చెప్పి దొంగతనమా? ఇందులో గురువుగారి తప్పేముందండీ? హారతి వస్తే మనిషన్నవాడు చేతులు చాచడా?" అని బుల్లెబ్బాయి బజారంతా వినబడేలా అరిచాడు. వెనకే మేమందరం అరిచాం. సూరమ్మ సంచీ పోయినప్పుడు ఎవరికీ గుర్తురాని పోలీస్ స్టేషన్‌కు ఈసారి పరుగెత్తుకుంటూ వెళ్ళాం.

చిడతలు దొరకలేదు. భరిణె కూడా దొరకలేదు.

తిరిగొచ్చాక గురువుగారు సూరమ్మ వైపు తిరిగారు.

"విన్నావుగా? అవి నీకు రావలసిన మాటలే. దారి తప్పి నా దగ్గరికి వచ్చాయి. ఇక తాళం అందుకోమ్మా."