తలుపు లేని తల్లి: వాకిండ్ల గుట్ట మహిమ

రేగడిదిన్నెలో బస్సు దిగి తూర్పుగా అరగంట నడిస్తే వాకిండ్ల గుట్ట వస్తుంది. మొదటిసారి వచ్చే భక్తులు తల పైకెత్తి గోపురం కోసం వెతుకుతారు. ఇక్కడ గోపురం లేదు. వాలు పొడవునా మోకాలెత్తు రాళ్ళతో గుండ్రంగా పేర్చిన ముప్పై ఏడు వలయాలు ఉన్నాయి. ప్రతి వలయానికీ తూర్పున ఒక మనిషి పట్టేంత వాకిలి ఉంది. వాటి మధ్య వాలుకు అడ్డంగా రాతి కట్టలు, కట్టల నడుమ చిన్న చిన్న మడులు, మడుల మూలల్లో రాళ్ళ కుప్పలు కనిపిస్తాయి. భక్తులు తప్పక సూర్యోదయానికి రావాలి. ముప్పై ఏడు వాకిళ్ళలోనూ ఎండ ఒకేసారి అడుగుపెడుతుంది. నలభై ఏళ్ళుగా చూస్తున్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ మధ్య చదువుకున్నవారు కొందరు టేపులతో వచ్చి కొలిచారు. ఈ వలయాలు వేల ఏళ్ళనాటి గుడిసెల పునాదులనీ, మడులు ఆ మనుషుల పొలాలనీ, కుప్పలు వారు దున్నుతూ ఏరిపోసిన రాళ్ళనీ చెప్పారు. మా పెద్దలు మొదటినుంచీ దీన్ని పాతోళ్ళ ఊరనే పిలిచేవారు. రెండు మాటలూ ఒకటే అయ్యేసరికి మా సంబరం అంతా ఇంతా కాదు.

పూర్వం ఇక్కడ గుడీ లేదు, పూజా లేదు. గిడ్డవ్వ అనే కురువ ఇల్లాలు ఈ గుట్ట మీద గొర్రెలు మేపుకునేది. భర్త పోయాక ఆమెకు మిగిలినవి ఎనభై గొర్రెలు, ఒక్కగానొక్క కూతురు సవారమ్మ. ఒక ఏడాది తూర్పు అడవి నుంచి తోడేళ్ళు రావడం మొదలైంది. గిడ్డవ్వ అన్నిటికన్నా పైనున్న, గోడ రొమ్మెత్తు మిగిలిన ఒకే ఒక్క వలయాన్ని చూసి మురిసిపోయింది. కాపరి కంటికి గుండ్రని గోడ కనిపిస్తే అది దొడ్డే, అందులో ఖాళీ కనిపిస్తే అది పూడ్చవలసిన కంతే. ఆమె కుప్పలోని రాళ్ళు మోసుకొచ్చి తూర్పు వాకిలిని రొమ్మెత్తు పూడ్చింది. ఊరి వైపు గోడలో నాలుగు రాళ్ళు తీసి, ముళ్ళకంప అడ్డుపెట్టి, చిన్న దారి చేసుకుంది. ఆ తరువాత ఒక్క గొర్రె కూడా పోలేదు.

ఆ వేసవిలోనే సవారమ్మ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలై రెండు రోజులు గడిచినా బిడ్డ రాలేదు. కాన్పు కష్టమైతే ఇంట్లో మూసినవన్నీ తెరవడం మా వైపు ఆచారం. మంత్రసాని చెప్పినట్టే గిడ్డవ్వ తలుపులు తెరిచింది, పెట్టె మూత ఎత్తింది, కూతురి జడ విప్పింది, కట్టేసిన దూడను వదిలింది.

"ఇంగా యాడన్న మూసింది ఉందేమో సూడు గిడ్డవ్వా," అంది మంత్రసాని.

"ఉప్పుకుండ మూత గూడ తీసినక్కా. ఇంగేం లేదు."

మూడో రోజు మధ్యాహ్నం మంత్రసాని బయటికి వచ్చి, పొద్దు గూకేలోపల బిడ్డ రాకుంటే తల్లి కూడా దక్కదని చెప్పింది. గిడ్డవ్వకు ఏడుపు కూడా రాలేదు. గుంజకు ఆనుకుని కూలబడింది. మూడు రోజులుగా నిద్ర లేని కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

కలలో ఒక ముసలామె కనిపించింది. తలంతా నెరిసి ఉంది, పాదాలకు గుట్ట మీది ఎర్రమట్టి అంటి ఉంది. "నా వాకిలి మూసినావు గదనే గిడ్డీ," అందామె. "పోయినోళ్ళు ఆ వాకిండ్ల నుంచే మల్ల మీ ఇండ్లకు వస్తరు. నీ మనవరాలు మూడు దినాల నుంచి ఆడ్నే నిలబడి ఉంది."

గిడ్డవ్వ ఉలిక్కిపడి లేచి గుట్టకు పరుగెత్తింది. దొడ్డిలో మంద ఆకలితో అరుస్తోంది. వాకిలి తెరిస్తే మంద నేరుగా తోడేళ్ళ దిక్కుకే పోతుందని ఆమెకు తెలుసు. "పోతే పోనీ," అనుకుని మొదటి రాయి లాగింది. తాను పేర్చిన రాళ్ళన్నీ చేతులు చెక్కుకుపోయేలా ఒక్కొక్కటే లాగి, మళ్ళీ కుప్ప మీద వేసింది. అడుగున ఉన్న చివరి రాయిని ఎత్తగానే గొర్రెలు ఆమెను తోసుకుంటూ తూర్పుకు దూకాయి. అదే క్షణాన కింద ఊళ్ళోంచి కంచు పళ్ళెం మోత వినిపించింది. బిడ్డ భూమ్మీద పడితే మావాళ్ళు పళ్ళెం మోగిస్తారు. గిడ్డవ్వ ఆ రాయిని ఒడిలో పెట్టుకుని అక్కడే కూర్చుని, అప్పుడు ఏడ్చింది.

తల్లీ బిడ్డా దక్కారు. మందలో రెండు గొర్రెలను తోడేళ్ళు ఎత్తుకుపోయాయి. మహిమ చెప్పే పుస్తకమని ఆ సంగతి దాచడం మాకు ఇష్టం లేదు. ఒడిలోని రాయిని తిప్పి చూస్తే, ఏ కాలంలోనో ఏ ఇల్లాలో గింజలు నూరగా పడిన గుంట కనిపించింది. ఆ రాయే ఈనాటి అమ్మవారు. గిడ్డవ్వ పడమటి గోడను తిరిగి కట్టి, వలయం నడుమ అమ్మవారిని నిలిపింది. ఈనాటికీ కూతురికి నెలలు నిండితే తల్లి ఇక్కడికి వచ్చి, మడిలోంచి ఒక రాయి ఏరి కుప్ప మీద వేసి, ఇంటికి పోయి తలుపులు తెరుస్తుంది. కుప్ప ఇప్పుడు మనిషెత్తు దాటింది.

పన్నెండేళ్ళ క్రితం కుక్కలు నైవేద్యం ముట్టుకుంటున్నాయని అమ్మవారి వలయం వాకిలికి టేకు తలుపు చేయించాం. చేయించాం అనడం దేనికి, గుడి పెద్దగా చేయించింది నేనే. బిగించే రోజున గిడ్డవ్వ వంశపు పూజారిణి సుంకవ్వ వచ్చి వాకిట్లో కూర్చుంది, ఎంత చెప్పినా లేవలేదు.

"కుక్కలొస్తే తోలుకుందాం," అంది. "పిల్లలొస్తే ఎవరు తీస్తరు?"

అప్పటికి నా కూతురికి ఏడో నెల. ఆ తలుపును నేనే భుజాన మోసి బయటికి తెచ్చాను. నాలుగు రాళ్ళ మీద పరిచిన ఆ టేకు తలుపు మీదే ఇప్పుడు భక్తులు కూర్చుంటున్నారు. మీరు వచ్చే వేళకు దాని మీద గెంతుతూ ఒక పిల్ల కనిపిస్తే అది నా మనవరాలే. దాన్ని కాస్త పక్కకు జరగమని కూర్చుని అలసట తీర్చుకోండి. లోపలికి వెళ్ళడానికి ఎవరినీ అడగనక్కరలేదు.