కర్రపాదాల గోడ

ఒక ఊళ్లో, మెట్ల బజారు చివర, ఒక చెప్పుల అంగడి ఉండేది. అక్కడ అందరికీ చెప్పులు కుట్టరు. పక్కకు తిరిగిన పాదాలకూ, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయిన కాళ్లకూ, మడమ నేలకు ఆననివాళ్లకూ మాత్రమే కుడతారు. మిగతావాళ్లకు బజారు నిండా దుకాణాలున్నాయి కదా.

అంగడి నడిపే పెద్దాయన పొద్దున్నే వచ్చి పీట మీద కూర్చునేవాడు. నడుము నుంచి నేల దాకా తోలుగుడ్డ కప్పుకునేవాడు. ఆయన లేచి నిలబడగా చూసినవాళ్లు తక్కువ. ఆయన వెనక గోడంతా మేకులు, మేకులకు కర్రపాదాలు. ఎవరైనా మొదటిసారి వస్తే వాళ్ల పాదం ఎలా ఉందో అచ్చం అలాగే కర్రలో చెక్కి గోడకు తగిలిస్తాడు. చెప్పులు అరిగి మళ్లీ వచ్చినప్పుడు ఆ కర్రపాదం దించి దానిమీదే కుడతాడు.

అందుచేత ఎదిగిన మనిషి ఆ అంగట్లో కాలు చూపించాల్సింది జన్మకు ఒక్కసారే. మళ్లీ చెప్పు విప్పక్కర్లేదు, అదెలా అయిందో మళ్లీ మొదటినుంచి చెప్పుకోనక్కర్లేదు. ఆ ఒక్క సుఖం కోసం జనం నాలుగూళ్ల అవతల నుంచి కూడా మెట్లెక్కి వచ్చేవారు.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఆ అంగట్లో పేరు అడగరు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ ఊరికి నోరే సరిగ్గా లేదు. ఎవరి పాదమైనా కాస్త పక్కకు తిరిగిందా, తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరుకు ముందు కుంటి అనో వంకర అనో ఒక మాట వచ్చి కూర్చునేది. పిలిచేవాళ్లకు అందులో తప్పు కనిపించేది కాదు. పేరేమిటని అడిగితే ఆ మనుషులు కూడా తలదించుకుని ఆ మాటతో కలిపే చెప్పేవారు. పెద్దాయనకు ముందు ఆ అంగడి నడిపిన ఆయన గురువు అది వినలేక పేరు అడగడమే మానేశాడు. బదులుగా ఒక ప్రశ్న కనిపెట్టాడు.

"మిమ్మల్ని ఏమని గుర్తుపెట్టుకోమంటారు?"

అడిగించుకున్నవాళ్లు ముందు బిత్తరపోయేవారు. కాసేపటికి ముఖం కొంచెం వెలిగేది. చెరువు అడ్డంగా ఈదానని ఒకాయన చెప్పాడు. మా వీధికంతటికీ ఆవకాయ నేనే కలుపుతానని ఒకావిడ. అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయని ఇంకొకడు. ఆ మాటే ఆ కర్రపాదం పక్కన పెద్దాయన మనసులో ఉండిపోయేది. ఈ కథ చెప్పే నాకూ ఆ ఆచారం అంటుకుంది, అందుకని ఇందులో పేర్ల కోసం చూడకండి.

ఒక ఉదయం చెరువు ఈదినాయన వచ్చాడు. పెద్దాయన నవ్వుతూ గోడవైపు చెయ్యి చాచాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కాసేపు తడుముకుని ఒక కర్రపాదం దించాడు. అది వేరేవాళ్లది. వచ్చినాయన మర్యాదస్తుడు. వేలితో తనది చూపించి ఊరుకున్నాడు. పెద్దాయనకు ఆ పూట అన్నం సహించలేదు.

"అమ్మాయ్, నా బుర్ర చిల్లుకుండ అవుతోంది" అన్నాడు కూతురితో. "వచ్చినవాళ్లని నేను 'కాలు చూపించండి' అని రెండోసారి అడిగే రోజు వస్తే, ఆ రోజే ఈ అంగడి మూసెయ్. ఆ మాట నా నోట రాకూడదు."

"రాదు నాన్నా" అంది కూతురు. మాటైతే ఇచ్చింది గానీ, ఎలా నిలబెట్టుకోవాలో ఆమెకూ తెలియదు. ఆలోచించి ఆలోచించి ఒక కంప్యూటర్ కొనుక్కొచ్చింది. దాన్ని అమర్చడానికి ఒక మనిషిని పిలిపించింది.

కంప్యూటరాయన మంచివాడు, పని తెలిసినవాడు. ప్రతి కర్రపాదం మడమ మీద ఒక నంబరు వేశాడు. స్క్రీన్ మీద గళ్లు గీశాడు. పేరు, ఊరు, ఫోను, కాలి లోపం.

"పేర్లు మేం అడగం నాయనా" అన్నాడు పెద్దాయన.

"పేర్లు లేకుండా డేటాబేసా! ఉప్పులేని పప్పులా ఉంటుంది పెద్దాయనా. పోనీ, దేన్నిబట్టి వెతకాలి మరి?"

"వాళ్లు ఏమని గుర్తుపెట్టుకోమన్నారో దాన్నిబట్టి."

కంప్యూటరాయన తల గోక్కుని, పేరు తీసేసి అక్కడ 'గుర్తు' అని పెట్టాడు. తండ్రి జ్ఞాపకం పూర్తిగా కారిపోకముందే కూతురు పని మొదలుపెట్టింది. ఆమె ఒక్కో కర్రపాదం దించి తండ్రి ఒళ్లో పెడుతుంది, ఆయన దాన్ని మడమ నుంచి వేళ్లదాకా నిమిరి మాట చెబుతాడు, ఆమె టైపు చేస్తుంది. కొన్నింటికి చప్పున చెప్పేవాడు. కొన్నింటికి కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చునేవాడు. చెప్పగానే గుండెల మీద బరువు దిగినట్టు ఊపిరి వదిలేవాడు.

అన్నిటికంటే పైమేకుకు ఒక చిన్న కర్రపాదం ఉంది, పసివాడిది. లోపలికి తిరిగిన ఎడమకాలు. కర్ర నల్లబడి నున్నగా అయిపోయింది.

"ఇదెవరిది నాన్నా? ఏమని రాయను?"

పెద్దాయన దానివైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "అది ఖాళీగా ఉంచు. ఆ పిల్లాడు ఇంకా చెప్పలేదు."

కంప్యూటరాయనకు ఆ ఖాళీ గడి పంటికింద రాయిలా తగిలింది. "ఏదో ఒకటి రాద్దాం పెద్దాయనా, ఖాళీ ఉంటే అన్నిటికంటే ముందు అదే వచ్చి నిలబడుతుంది" అన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు.

కంప్యూటర్‌లో వెతకడం మొదలుపెట్టిన మొదటిరోజు మళ్లీ చెరువు ఈదినాయనే వచ్చాడు. కూతురు 'చెరువు ఈదినాయన' అని రాసి నొక్కింది. స్క్రీన్ మీద మాట పడింది: అలాంటివారు లేరు.

"లేనా?" అన్నాడాయన. నవ్వబోయాడు గానీ నవ్వు సరిగ్గా రాలేదు.

రికార్డులో 'చెరువు అడ్డంగా ఈదినాయన' అని ఉంది. ఒక్క మాట తేడాకు ఉన్న మనిషిని లేడనేసింది పెట్టె. కంప్యూటరాయన నొచ్చుకుని అప్పటికప్పుడు దిద్దాడు. ఇకమీదట మాటంతా కలవక్కర్లేదు, ఒక ముక్క కలిస్తే చాలు. 'చెరువు' అని కొట్టగానే ఆయన వరుస వచ్చింది. ఆయన వంగి చూసుకుని, "ఆఁ, ఉన్నాను" అన్నాడు.

అయినా చిక్కు తీరలేదు. ఏళ్ల కిందట తామేం చెప్పుకున్నారో కొందరు మర్చిపోయారు, గోడమీద తమ కర్రపాదం ఏదో కూడా పోల్చుకోలేకపోయారు. కూతురు పాపం తోచిన మాటలన్నీ కొట్టి చూసేది, వచ్చినవాళ్లు మెట్లమీద నిలబడి కాళ్లు మార్చుకునేవారు. అది చూసి కంప్యూటరాయనకు జాలేసింది. పెద్దాయనకు చెప్పకుండా, గోడమీది కర్రపాదాలన్నీ తనే పరీక్షగా చూసి, 'కాలి లోపం' గడి నింపేశాడు. దానికి బటన్లు పెట్టాడు. ఒక్కటి నొక్కితే ఆ రకం కాళ్లవాళ్లందరూ వరసగా వస్తారు, అందులోంచి ఏరుకోవడం ఎంతసేపు? మేలు చేశాననే అనుకున్నాడు. కూతురు కూడా అలసిపోయి ఉందేమో, సరేనంది.

ఆ మర్నాడు ఒకావిడ వచ్చింది. పెళ్లికి ముందెప్పుడో కాలు చూపించి, ఆ తర్వాత చాలా ఏళ్లుగా ఇక్కడే కుట్టించుకుంటున్న మనిషి. ఏమని చెప్పిందో గుర్తులేదంది. కూతురు ఆమె నడక చూసి ఒక బటన్ నొక్కింది. స్క్రీన్ వీధివైపే తిరిగి ఉంది. పైన పెద్ద అక్షరాల్లో 'ఎడమకాలు వంకర' అని పడి, దాని కింద వరుసలు నిండాయి.

ఆవిడకు చదువొచ్చు.

"ఇక్కడ కూడానా?" అంది. గొంతు పెంచలేదు. వెనక్కి తిరిగి, అరిగిన పాత చెప్పులతోనే మెట్లు దిగిపోయింది.

పెద్దాయన లేవబోయాడు. పీటమీద చెయ్యి ఆనించి సగం లేచి, వీధిలో జనాన్ని చూసి, మళ్లీ కూలబడ్డాడు. కూతురు పరుగెత్తింది గానీ అప్పటికే ఆవిడ మలుపు తిరిగిపోయింది.

జరిగిందేమిటో విన్నాక పెద్దాయన కంప్యూటరాయనను పిలిపించాడు. ఆయన కోప్పడగా ఎవరూ ఎరుగరు. ఆ రోజు మాత్రం గొంతు పెంచాడు.

"ఆ మాటను ఊళ్లోనే వదిలేసి రావడానికే కదరా వాళ్లు ఇన్ని మెట్లెక్కేది! దాన్ని తెచ్చి గుమ్మంలోనే కూర్చోబెట్టావా?"

"తొందరగా దొరుకుతారని పెట్టాను పెద్దాయనా" అన్నాడు కంప్యూటరాయన చిన్నబోయి.

"కాలు ఎలా ఉందో కర్ర చెబుతుంది నాయనా. మనిషి ఎవరో చెబితే చాలు నీ పెట్టె."

ఆ గడి, ఆ బటన్లు అన్నీ తీసేశాడు కంప్యూటరాయన. తీసేసి, "మరి ఏ మాటా గుర్తులేనివాళ్లు వస్తే? మీక్కూడా గుర్తులేని రోజు వస్తే?" అని అడిగాడు. ఎత్తిపొడవడానికి కాదు, నిజంగానే బెంగపడి అడిగాడు.

పెద్దాయన ఆలోచించాడు. "ఏమీ రాయకుండా నొక్కితే ఏమవుతుంది?"

"అందరూ వచ్చేస్తారు. అదొక తప్పు ఉండిపోయింది, సరిచేస్తాను. ఖాళీగా నొక్కితే 'ఏదైనా రాయండి' అని అడిగేలా చేస్తాను."

"వద్దు" అన్నాడు పెద్దాయన. "అలాగే ఉండనీ."

వానాకాలం వెళ్లిపోయింది. దాంతోపాటు పెద్దాయన జ్ఞాపకమూ వెళ్లిపోయింది. పీటమీద కూర్చునేవాడు, తోలుగుడ్డ కప్పుకునేవాడు, వచ్చినవాళ్లని చూసి నవ్వేవాడు. గోడవైపు మాత్రం తిరిగేవాడు కాదు. కుట్టడం కూతురే చేసేది.

అప్పుడు వచ్చింది ఆవిడ మళ్లీ. చెప్పు అడుగు పూర్తిగా చిరిగిపోయి, మడమ పగిలి నెత్తురు చెమ్మ కనిపిస్తోంది. ఆ పాదానికి ఊళ్లో ఇంకెవరూ చెప్పు కుట్టలేరు, రాక ఏం చేస్తుంది? చివరి మెట్టు మీదే నిలబడిపోయింది.

"రా అక్కా" అంది కూతురు ఎదురెళ్లి. "ఆ మాట తీసేశాం. ఇంకెప్పుడూ కనిపించదు."

ఆవిడ లోపలికొచ్చి కూర్చుంది. పెద్దాయన ముఖంలోకి చూసింది. ఆయన నవ్వాడు, కొత్తవాళ్లను చూసి నవ్వినట్టు. ఆవిడకు అర్థమైంది.

"ఏమని చెప్పావో గుర్తొచ్చిందా అక్కా?"

"లేదమ్మా. అప్పటి నా మాటలు ఇప్పుడు నాకెక్కడ గుర్తుంటాయి? నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ఇక చూపించక తప్పుతుందా" అని, పెదవి బిగించి, ఆవిడ చెప్పు విప్పబోయింది.

"వద్దు తల్లీ" అన్నాడు పెద్దాయన.

ఎవరికి చెబుతున్నాడో, దేన్ని వద్దంటున్నాడో ఆయనకు తెలిసిందని చెప్పలేను. కానీ చెయ్యి అడ్డం పెట్టాడు.

కూతురు గడిలో ఏమీ రాయలేదు. ఖాళీగానే నొక్కింది. అందరూ వచ్చారు. స్క్రీన్ నిండి, దాని కింద ఇంకా ఇంకా వరుసలు. కూతురు స్క్రీన్‌ను ఆవిడ దగ్గరికి జరిపింది. ఆవిడ పైకే చదవసాగింది. అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవాడు. ఆవకాయ కలిపే ఆవిడ. చెరువు అడ్డంగా ఈదినాయన. పాము కనబడితే చంపకుండా దారివ్వమనేవాడు. చదువుతూ చదువుతూ ఆవిడ కాసేపు తన సంగతే మర్చిపోయింది. ఈ ఊళ్లో ఇలాంటివాళ్లు ఉన్నారా అని ఆశ్చర్యపోయింది. వీళ్లలో చాలామందిని ఆవిడ కూడా వేరే మాటతోనే ఎరుగును.

ఒకచోట వేలు ఆగింది.

"పాట ఎత్తుకుంటే మధ్యలో ఆపని పిల్ల" అని చదివింది. మళ్లీ చదివింది. "ఇది నేనే. నేను పాడేదాన్ని!" అంది. పెళ్లయిన ఇంట్లో పాడటం ఎప్పుడు మానేసిందో ఆవిడకు గుర్తులేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కూతురు ఆ నంబరు చూసి కర్రపాదం దించి పని మొదలుపెట్టింది.

ఏడుపు తగ్గాక ఆవిడ మళ్లీ స్క్రీన్ వైపు చూసి, "మొదటి వరుసలో ఏమీ లేదేం?" అని అడిగింది.

కూతురు ముక్కాలిపీట ఎక్కి, పైమేకుకున్న చిన్న కర్రపాదం దించి తండ్రి ఒళ్లో పెట్టింది. ఆయన చేతులు దాన్ని నిమిరాయి, మడమ నుంచి వేళ్లదాకా. తర్వాత తోలుగుడ్డ పక్కకు జరిపి, అంగడికి వచ్చినవాళ్లెవరికీ ఎప్పుడూ చూపించని తన ఎడమ పాదాన్ని ముందుకు చాచి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండూ ఒకలాగే లోపలికి తిరిగి ఉన్నాయి.

"అమ్మ చంకనేసుకుని తీసుకొచ్చింది" అన్నాడు. "గురువుగారు అడిగారు. నాకు సిగ్గేసి చెప్పలేదు."

ఆవిడ పెద్దాయన ఎదురుగా నేలమీద కూర్చుంది. ఆయన ఎందరినో అడిగిన ప్రశ్నను ఆయన్నే అడిగింది.

"మిమ్మల్ని ఏమని గుర్తుపెట్టుకోమంటారు?"

ఆయన ముఖం వెలిగింది.

"చెప్పులు తొడుక్కుని ఇంటికి నడిచి వెళ్లాడని రాయండి" అన్నాడు.

కూతురు రాసింది. అక్షరాలు సరిగ్గా కనిపించక రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకుంది. అంతలో పెద్దాయన లేచి నిలబడ్డాడు. చిన్న కర్రపాదాన్ని గుండెలకు ఆనించుకుని, బజారంతా చూస్తుండగా, ఒక్కో మెట్టూ కుంటుకుంటూ దిగాడు. పట్టుకోబోయిన కూతుర్ని ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

కొంతకాలానికి కంప్యూటరాయన పెట్టె బాగోగులు చూడటానికి వచ్చాడు. పెద్దాయన చోట పీటమీద కూతురు తోలుగుడ్డ కప్పుకుని కూర్చుని ఉంది. ఆయన అలవాటుగా ఖాళీగా నొక్కి చూశాడు. అందరూ వచ్చారు. 'గుర్తు' గడి ఒక్కటీ ఖాళీగా లేదు.

"హమ్మయ్య, నిండింది" అన్నాడు సంతోషంగా. తర్వాత తలెత్తి గోడవైపు చూశాడు. అన్నిటికంటే పైన ఒక మేకు ఒంటరిగా ఉంది.

"దాన్ని పీకేద్దామా? ఖాళీగా ఉందిగా."

"ఉండనీ" అంది కూతురు. చేతిలో పని పక్కన పెట్టి గుమ్మంవైపు తిరిగింది. మెట్లమీద ఎవరో ఒక తల్లి, చంకలో పిల్లాణ్ణి వేసుకుని, ఆయాసపడుతూ ఎక్కి వస్తోంది.