బేరపు బండ మీద కోనమ్మ

అనగనగా, రాజుగారి బాట అయిపోయి మంచుకొండ మొదలయ్యే చోట ఒక ఊరు. అక్కడ చలి ఎంతంటే, ఆవు పాలు పితికితే చెంబులో టంగుటంగుమని గడ్డలై పడేవి. నవ్వకు. మా అమ్మమ్మ చెప్పింది, ఆవిడ జన్మలో అబద్ధమాడలేదు. నేనూ అంతే.

ఆ ఊళ్ళో ఓబన్న అని బొచ్చుతోళ్ళ వర్తకుడు. అతనికి తల్లిలేని కూతురు ఒకతి, కోనమ్మ. నీకంటే రెండేళ్ళు పెద్దదేమో. ఎద్దులు ఎక్కలేని కొండ మీదికి ఉప్పు మోసేది కోనమ్మే. తోళ్ళు కిందికి దించేదీ కోనమ్మే.

ఆ కొండ మీద బేరం నోరు విప్పకుండా జరగాలి. అవతల కొండవాళ్ళ భాష మనకు రాదు, మనది వాళ్ళకు రాదు. మధ్యలో ఒక బల్లపరుపు బండ. దాని మీద మనం ఉప్పు పెట్టి చాటుకు పోవాలి. అప్పుడు వాళ్ళు వచ్చి పక్కన తోళ్ళు పెట్టి పోతారు. చాలకపోతే మనం చాటునుంచి ఒకసారి దగ్గాలి. వాళ్ళు వచ్చి ఇంకాస్త వేస్తారు. చాలనుకుంటే వెళ్ళి తోళ్ళు ఎత్తుకోవాలి. ఎత్తామా, ఆ బండ మీద ఇంకేముంటే అదంతా వాళ్ళదే.

ఆ ఏడు కోనమ్మ పన్నెండు బస్తాలు ఒక్క వీపున మోసింది. దించి, "నాన్నా, ఇక ఇంట్లో పడుకుంటా" అంది.

"ఈ ఒక్క మోపే తల్లీ" అన్నాడు ఓబన్న.

ఆ తర్వాత దారిలో నూటొక్క తోడేళ్ళు అడ్డమొస్తే, కాలిన కట్టె పట్టుకుని ఏడు కొండల అవతలికి తరిమింది. తిరిగొచ్చి, "కాళ్ళు పీకుతున్నాయి నాన్నా" అంది.

"ఈ ఒక్క మోపే తల్లీ."

ఆ తర్వాత మంచు విరిగిపడి దారి మూసుకుపోయింది. మూడు రోజులు తిండీ నిద్రా లేకుండా చేతుల్తో తవ్వి తోవ తీసింది. ఈసారి ఏమీ అడగలేదు. అడిగే ఓపిక కూడా లేదు పిల్లకి.

మర్నాడు తండ్రీకూతుళ్ళు మళ్ళీ కొండెక్కారు. పక్కనున్న మనిషి కనపడనంత పొగమంచు. కోనమ్మ బండ మీద ఉప్పు దించింది. ఒక్క క్షణం కూర్చుందామని బస్తాకి ఆనుకుంది. అంతే, నిద్రపోయింది. కింద ఎద్దుల దగ్గరికి పోయిందనుకుని ఓబన్న చాటున కూర్చున్నాడు.

అప్పుడు కోనమ్మ పాదాలకు వెచ్చగా ఏదో తగిలింది. కళ్ళు సగం తెరిచి చూస్తే కొండవాళ్ళ ముసలమ్మ. నక్కతోలు కప్పి, అంచులు కాళ్ళ కింద దోపుతోంది. పక్కన తోళ్ళ మోపు పెట్టి వెళ్ళిపోయింది. ఉప్పుకి అంత మోపు ఎప్పుడూ పెట్టరు. బేరం తనకేనని కోనమ్మకి తెలిసింది. లేవాలనుకుంది. ఒళ్ళు లేవలేదు.

చాటునుంచి నాన్న దగ్గాడు.

ముసలమ్మ మళ్ళీ వచ్చింది. ఎలుగు తోళ్ళు పేర్చింది. పిల్ల తల కింద ఒకటి మడిచి పెట్టింది. వీళ్ళయితే నన్ను పడుకోనిస్తారేమో, అనుకుంది కోనమ్మ.

నాన్న మళ్ళీ దగ్గాడు.

మూడోసారి తోళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. పైనున్నవి మబ్బులకు రాసుకుంటే మబ్బులకే వెచ్చబడింది. ఈసారి దగ్గు లేదు. నాన్న అడుగులు గబగబా వచ్చాయి. మోపు తాడు మీద చెయ్యి పడింది.

కోనమ్మ కళ్ళు తెరిచింది. "తీసుకో నాన్నా" అంది. "నాకిక్కడ వెచ్చగానే ఉంది."

ఓబన్న చెయ్యి తాడు మీదే ఆగిపోయింది. నక్కతోలు చూశాడు. తల కింద మడత చూశాడు. ఆ తర్వాత కూతురి చేతులు చూశాడు, మంచు తవ్వి గోళ్ళూడిన చేతులు. తను రెండుసార్లు దగ్గింది ఉప్పు బేరానికి కాదని, కూతురి బేరానికని అప్పుడు తెలిసింది.

తాడు వదిలేశాడు. వంగి వీపు చూపించాడు. "ఎక్కు తల్లీ."

"తోళ్ళో?"

"వద్దు."

"మరి ఉప్పో?"

"వాళ్ళనే తిననీ."

కోనమ్మ నాన్న మెడ చుట్టూ చేతులేసింది. "మళ్ళీ ఎప్పుడు రావాలి నాన్నా?"

"రావద్దు" అన్నాడు. పిల్లని ఎత్తుకుని లేచాడు.

మంచులో నిలబడ్డ ముసలమ్మ ఎదురొచ్చింది. నక్కతోలు పిల్ల వీపు మీద సర్ది, పక్కకు తప్పుకుంది.

మొదటి మలుపు తిరక్కముందే కోనమ్మ నిద్రపోయింది. ఎంత నిద్రంటావు, మూడు వానాకాలాలు కురిసి వెలిసినా లేవలేదు. గుమ్మంలో ఓబన్న కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా మెల్లగా మాట్లాడమని చెప్పేవాడు.

కథేమో కంచి దారి పట్టింది,
కంట్లోకి కునుకు వచ్చి కూచుంది.
కోనమ్మ మోపు కొండ మీద,
నీ బరువేమో నా ఒడి మీద.
మనం ఇంట్లోనే ఉన్నాం, పడుకో.